గంటన్నరలో ఇందోర్

కరుణమ్మ మా పాపకు నీళ్లు పోయడానికి వచ్చేసరికి మా పెరట్లో రెండు సంగతులు కుదిరి ఉండాలి. కాగులో నీళ్లు మరిగి ఉండాలి. నేను అక్కడ ఉండకూడదు. ఈ రెండో షరతు ఆమె మొదటి రోజే పెట్టింది. ఆ రోజు నేను థర్మామీటరు పట్టుకుని బకెట్ పక్కన నిలబడ్డాను. ఆమె పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ చాపి, మోకాళ్ల కింద మేఘను బోర్లా పడుకోబెట్టుకుని, చెంబు ఎత్తబోయి ఆగింది.

“నువ్వు లోపలికి పో బిడ్డా. నువ్వట్ల సూస్తుంటె పాప కంటె ముందుగాల నాకు ఏడుపొస్తది.”

మా అత్తగారు రాధమ్మ వంటింట్లోంచే నవ్వింది. “అది కెమిస్ట్రీ చదివింది కరుణా. నీళ్లల్ల ఏం కలిసిందో సూస్తది.”

“నీళ్లల్ల నీళ్లే కలిసినయ్ అక్కా.”

నేను లోపలికి వెళ్లాను గానీ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను. పాప పుట్టక ముందు ఒక మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేదాన్ని. ప్రతిదాన్నీ కొలిచి రాసుకునే అలవాటు. ఇంట్లో కొలవడానికి మిగిలింది మేఘ ఒక్కతే. నిద్రలో దాని ఊపిరి అందుతోందా లేదా అని ముక్కు కింద వేలు పెట్టి చూసే నాకు, ఒక మనిషి దాని ముఖం మీద చెంబెడు నీళ్లు గుమ్మరించడం చూసి నిలబడడం తేలిక కాదు. కరుణమ్మ అరచేతిని పాప నుదుటి మీద చూరులాగా ఆనించి పోసేది. నీళ్లు పక్కలకు జారిపోయేవి. నేను మాత్రం ప్రతి చెంబుకూ కిటికీ ఊచ పట్టుకునేదాన్ని.

ఆమెది ఎంకపల్లి. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. పుట్టిల్లు షాబాద్. పెళ్లయి వచ్చిన కొత్తలో అత్తతో పాటు కలుపులకు పోయేది, అత్తతో పాటే బాలింతల ఇళ్లకూ పోయేది. అత్త పోయాక ఆ పీట ఈమెకు దక్కింది. మొయినాబాద్‌లో, చిన్న మంగళారంలో ఇప్పుడు మీసాలొచ్చిన చాలామంది ఆమె కాళ్ల మీద ఏడ్చినవాళ్లే. ఈ మధ్య గేటు లోపలి విల్లాల నుంచి కూడా పిలుపులు వస్తున్నాయి. అక్కడి ముచ్చట్లు మా అత్తగారికి చెప్పి నవ్వించేది.

“ఒకామె ఫోన్ల వీడియో పెట్టి, గిట్ల పొయ్యి ఆంటీ అంటది అక్కా. అమ్మా, ఆ వీడియోల ఉన్నది ప్లాస్టిక్ బొమ్మ, నీ కొడుకేమో ఉచ్చ పోస్తున్నడు, రెండింటికి ఒకటే తీరు ఎట్లైతది అన్న.”

ఆమెకు ఒక్కతే కూతురు, ప్రేమజ్యోతి. అల్లుడు శాంసన్ ఇందోర్ పక్కన పీథంపూర్‌లో మందుల ఫ్యాక్టరీలో ఆపరేటర్. మేఘకు రెండో నెల నడుస్తున్నప్పుడు జ్యోతికి ఏడో నెల. ఊళ్లో అందరి పిల్లలకూ నీళ్లు పోసిన మనిషికి, తన బిడ్డ కన్న బిడ్డను కాళ్ల మీద వేసుకోవాలన్న ఆశ ఎంత ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. మొదటి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. ఆ మాట ఆమె ఎన్నడూ వాదించి చెప్పలేదు. పొద్దు తూర్పున పొడుస్తుందని ఎవరు వాదిస్తారు?

జ్యోతిని ఏడో నెలలోనే రైల్లో తీసుకురావాలని మొదట అనుకున్నారు. టికెట్లు కూడా తీశారు. నేరుగా వచ్చే రైలు రోజూ ఉండదు. ఉన్నరోజు ఎక్కినా ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఆ మాటల్లోనే శాంసన్ ఫోన్‌లో, “ఎందుకత్తమ్మా రైలు, విమానమైతె గంటన్నర” అన్నాడట. మర్నాడు కరుణమ్మ వస్తూనే పీట మీద కూర్చోకుండా నా దగ్గరికి వచ్చింది.

“ఇందోర్ ఎంత దూరమో నీ ఫోన్ల సూడు బిడ్డా. మా అల్లుడు గంటన్నర అంటున్నడు. ఆయన మాట నమ్ముడెట్ల? పెండ్లిల పాస్టరు గారినే గంట కూసోబెట్టిండు, వస్తున్న వస్తున్న అనుకుంట.”

చూశాను. శంషాబాద్ నుంచి ఇందోర్‌కు ఆకాశం మీద గీత గీస్తే ఆరు వందల డెబ్బై కిలోమీటర్ల లోపే. ప్రయాణం గంటా ఇరవై అయిదు నిమిషాలు.

“నిజమే అవ్వా. కాకపోతే అది గాల్లో ఉండేది మాత్రమే” అన్నాను. “ముందే పోయి కూర్చోవాలి, దిగాక...”

ఆ తర్వాతి మాటలు ఆమెకు వినపడలేదు. ముఖం వెలిగిపోయింది.

“చేవెళ్ల నుంచి మెహదీపట్నం బస్సుల పోతె గంటన్నర. గంతేనా ఇందోర్? నేనింక ఏ దేశమో అనుకున్న.”

ఆ మధ్యాహ్నమే రైలు టికెట్లు రద్దు చేయించింది. కడుపుతో ఉన్న పిల్లను పగలూ రాత్రీ రైల్లో కుదిపించడం ఎందుకు, చేవెళ్ల బస్సంత దూరమే కదా, ఎప్పుడంటే అప్పుడు తెచ్చుకోవచ్చు అని. అల్లుడికి సెలవు దొరకలేదు. అతని ఫ్యాక్టరీలో తనిఖీ. అంతలో జ్యోతికి ఎనిమిదో నెల పడింది. ఇక కరుణమ్మ గట్టిగా చెప్పేసింది: సరి నెలలో పిల్ల గడప దాటకూడదు. తొమ్మిది పడ్డాకనే.

చర్చిలో పాస్టరుగారి భార్య విమలమ్మ ఆమెను అందరి ముందూ అడిగిందట. “సరి నెల, బేసి నెల అని బైబిల్ల ఎక్కడ రాసున్నది కరుణమ్మా?”

“బైబిల్ల విమానం కూడ లేదమ్మా” అని వచ్చింది ఈమె.

నాకు నవ్వు రాలేదు. విమానాల నిబంధనలు తీసి చదివాను. ముప్పై రెండు వారాలు దాటితే డాక్టరు కాగితం కావాలి. ముప్పై ఆరు దాటితే కాగితం ఉన్నా ఎక్కించుకోరు. తొమ్మిదో నెల పడేసరికే ముప్పై అయిదు వారాలు అవుతాయి. మధ్యలో మిగిలేది సన్నని దారం. అదే కరుణమ్మకు చెప్పాను, ఈ నెలలోనే తెచ్చుకోమని. చెప్పేటప్పుడు నా గొంతు ల్యాబులో మాట్లాడినట్టే ఉండి ఉంటుంది.

“వారాలు మీ ఫోన్లకు తెలుస్తయ్ బిడ్డా. కడుపుల ఉన్నోళ్లకు నెలలే” అంది. ఆ రోజు నవ్వలేదు. మా అత్తగారు కూడా నన్ను కళ్లతోనే ఆపింది.

ఎందుకు ఆపిందో రెండు రోజుల తర్వాత తెలిసింది. కరుణమ్మ భర్త బీరయ్య చిన్న మంగళారంలో ఒక ఫాంహౌజ్‌కు కావలి. ఆ రోజు వాన పట్టుకుంటే ఆమెను తీసుకుపోవడానికి బండి మీద వచ్చి, మా అరుగు మీద చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కరుణమ్మ పెరట్లో పాపకు సాంబ్రాణి పొగ వేస్తోంది. నేను మళ్లీ ఆ వారాల మాటే ఎత్తాను. ఆయనైనా చెబుతాడేమోనని.

బీరయ్య గ్లాసు కింద పెట్టి చేతులతో ముఖం తుడుచుకున్నాడు.

“దాన్ని జర వదిలెయ్యమ్మా. జ్యోతి కంటె ముందు మాకొక పిల్ల. కరుణకు ఎనిమిదో నెల. షాబాద్‌ల వాళ్లవ్వకు పానం బాగలేదంటె నేనే జీపు ఎక్కిచ్చిన. నడిమిట్లనే నొప్పులొచ్చినయ్. పిల్ల పుట్టింది. ఏడ్వలే.”

వాన చూరు నుంచి కారుతోంది. ఆయన దానివైపు చూస్తూనే చెప్పాడు.

“మట్టిల పెట్టేటందుకు ముందుగాల మా అవ్వ నీళ్లు కాగబెట్టింది. నేను పోస్త అని ఈమె కూసున్నది. ఈమె చేతితోని పోసిన మొదటి స్నానం గదే.”

నెలల్లో సరీ బేసీ ఏమీ ఉండదని, జీపు ప్రయాణానికీ ఆ కాన్పుకూ ముడి ఉండే అవకాశం తక్కువని నాకు తెలుసు. తెలిసినా ఏం లాభం? ఆమె పట్టింపు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిశాక నా వారాల లెక్క నోటి దాకా రాలేదు. అప్పటి నుంచి చేయగలిగింది ఒక్కటే చేశాను. తొమ్మిదో నెల పడ్డ నాలుగో రోజుకు జ్యోతికి, తోడుగా శాంసన్‌కు టికెట్లు తీయించాను. డాక్టరు కాగితంలో వారాలు స్కాన్ ప్రకారం ఎన్ని ఉన్నాయో ముందే అడిగి పెట్టుకోమని శాంసన్‌కు రెండుసార్లు చెప్పాను.

“అడుగుత అక్కా. డాక్టరమ్మ ఊళ్లె లేదు. పోయే రోజు పొద్దుగాల వస్తదట” అన్నాడు.

జ్యోతి రావాల్సిన రోజు కరుణమ్మ మేఘకు నీళ్లు పోసే తీరే మారిపోయింది. పాట పాడింది. తన ఇంట్లో గోడలకు అప్పటికే సున్నం వేయించింది. మంచం పట్టీ బిగించారు. దూలానికి ఉయ్యాల కొక్కెం కొట్టించారు. పాప స్నానం అయ్యాక ఆమె, బీరయ్య మా ఇంట్లోనే ఆగిపోయారు. ఎంకపల్లి నుంచి శంషాబాద్ పోవాలంటే మా ఊరి మీదుగానే పోవాలి. విమానం అక్కడ లేచాక బయల్దేరినా ఔటర్ రింగు రోడ్డు మీద సులువుగా అందుకోవచ్చు. కారు కిరాయికి తిప్పే ఎల్లేశ్‌ది. అతను గేటు ముందు బండి తుడుచుకుంటున్నాడు.

జ్యోతి ఫోన్ కలవడం లేదు. శాంసన్‌ది కూడా.

“బందు పెట్టుమంటరట గద విమానంల” అన్నాడు బీరయ్య, తెలిసినవాడిలా.

“నీకెవరు చెప్పిండ్రు?”

“మా ఫాంహౌజ్ సారు. వారంల రెండు మాట్ల ఎక్కుతడు. బస్టాండుల మూత్రం వాసనొస్తదని విమానం ఎక్కుతడట.”

విమానాలు ఎక్కడెక్కడ ఎగురుతున్నాయో చూపించే యాప్ ఒకటి నా ఫోన్‌లో ఉంది. దాన్ని తెరిచి టీపాయ్ మీద పెట్టాను. ఇందోర్ దగ్గర ఒక చిన్న పసుపు విమానం గుర్తు కదిలింది. అదే మనదని చెప్పాను. కరుణమ్మ నేల మీద కూర్చుని, గడ్డం టీపాయ్‌కు ఆనించి, దాన్నే చూడసాగింది. మేఘ ఆమె ఒళ్లో నిద్రపోయింది.

“గీ పురుగంత దాంట్లనా నా బిడ్డ ఉన్నది?”

“అందులో నూట యాభై మంది దాకా ఉంటారు అవ్వా.”

“ఉండనీ. నాకొక్కతె.”

విమానం గుర్తు నర్మద దాటింది. ఆమె వేలితో దాని ముందు దారిని మెల్లగా నిమిరింది, చీమకు దారి చూపిస్తున్నట్టు. మా అత్తగారు ఎల్లేశ్‌ను బండి తిప్పి పెట్టమంది. కరుణమ్మ లేచి చీర సర్దుకుంది. అప్పుడు ఆమె ఫోన్ మోగింది.

జ్యోతి.

“దిగినవా బిడ్డా అప్పుడే?” అంది కరుణమ్మ. నేను టీపాయ్ మీది ఫోన్ చూశాను. గుర్తు ఇంకా మహారాష్ట్ర మీదే ఉంది.

అవతల జ్యోతి ఏడుపు నాకు కూడా వినిపించింది. తర్వాత శాంసన్ అందుకున్నాడు. కౌంటర్ దగ్గరే ఆపేశారు. పొద్దున డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ముప్పై ఆరు వారాలు దాటాయని ఉంది. ఆమె మూడో నెల స్కాన్ చూసి రాసింది. కరుణమ్మ చివరి నెలసరి నాటి నుంచి లెక్క పెట్టింది. రెండింటికీ వారం పైన తేడా వచ్చింది. ఎవరూ అబద్ధం రాయలేదు. శాంసన్ బతిమాలాడు, పైవాళ్లను పిలిపించాడు, ఆఖరికి తలుపులు మూసేశారు. అప్పటిదాకా మాకు చెప్పడానికి అతనికి మనసు రాక ఫోన్లు ఆపి పెట్టాడు.

కరుణమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని టీపాయ్ వైపు చూసింది. పసుపు గుర్తు మా వైపే వస్తోంది.

“మరి గిదెట్ల వస్తున్నది?”

“అది వస్తుంది అవ్వా. అందులో జ్యోతి లేదు.”

“అంటె ఖాళీ కుర్సీ వస్తున్నది” అంది.

ఎల్లేశ్ గుమ్మంలోకి వచ్చి, “అక్కా, బండి స్టార్ట్ చెయ్యాల్నా?” అని అడిగాడు. అందరి ముఖాలూ చూసి చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు.

ఇక జ్యోతి రాలేదు. రైలుకు డాక్టరు ఒప్పుకోలేదు, కారుకు అసలే ఒప్పుకోలేదు. మిగిలింది కరుణమ్మ వెళ్లడం. కరుణమ్మ ఆ మాట వినగానే తల అడ్డంగా ఊపింది.

“మొదటి కాన్పు అల్లుని కిరాయింట్లనా? తల్లి ఉన్నదా సచ్చిందా అని అడుగరా నలుగురు?”

“ఆ నలుగురు పోయి నీళ్లు పోస్తరా?” అంది మా అత్తగారు. “నువ్వు పోతె తల్లి ఉన్నట్టు. పోకపోతెనే లేనట్టు.”

ఆమె కొంగు నడుముకు దోపుకుంది. తర్వాత, “సున్నిపిండి పట్టియ్యాలె” అంది. దాంతో ఒప్పుకున్నట్టే.

దొరికిన మొదటి టికెట్ మూడో రోజు మధ్యాహ్నానికి. బీరయ్యకు కావలి వదిలే వీలు లేదు. ఆమె ఒక్కతే వెళ్లాలి. ఆ రెండు రోజులూ వాళ్లింట్లో పెసలు, పసుపు, ఎండిన నారింజ తొక్కలు కలిపి పిండి పట్టించింది. నూనె కాచింది. నేను సంచీ సర్దడానికి వెళితే, నూనె సీసాను తన చేతిసంచీలోంచి తియ్యనివ్వలేదు.

“చేతిసంచీలో పట్టుకుపోనివ్వరు అవ్వా. పెద్ద పెట్టెలో వెయ్యాలి.”

“పెట్టె నా దగ్గర ఉండదట గద. వాళ్లెక్కడనో పడేస్తె?”

“పడెయ్యరు. దిగాక నల్లటి పట్టా మీద తిరుగుతూ వస్తుంది. తీసుకోవాలి.”

“నూనె కూడ తిరుగుకుంట వస్తదా” అని సీసాను మూడు పాత చీర ముక్కల్లో చుట్టి ఇచ్చింది.

ప్రయాణం రోజు పొద్దున్నే మేఘకు నీళ్లు పోయడానికి వచ్చింది. వద్దంటే వినలేదు. పాపకు తల తుడుస్తుండగా శాంసన్ ఫోన్ చేశాడు. జ్యోతికి ఉమ్మనీరు పోయింది, దవాఖానకు తీసుకుపోతున్నాం అన్నాడు.

కరుణమ్మ తువ్వాలుతో పాటు పాపను నా చేతుల్లో పెట్టింది. “నడువు, పోదాం. గంటన్నరే గద. ఇప్పుడు ఎక్కితె నొప్పుల లోపల అందుకుంట.”

“విమానం మధ్యాహ్నం గానీ లేవదు అవ్వా.”

“ముందల ఇంకోటి లేదా? బస్సు పోతె ఎనకనే ఇంకో బస్సొస్తది గద.”

వెతికాను. నేరుగా పోయేది ఇంకోటి లేదు. ఢిల్లీ తిరిగి పోయేది ఉంది గానీ రాత్రికి గానీ చేర్చదు. నా బుర్రలో లెక్క దానంతట అదే నడిచింది. ఇక్కడి నుంచి శంషాబాద్, అక్కడ తనిఖీలు, ఎదురుచూపు, గాల్లో గంటన్నర, దిగాక పెట్టె, పెట్టె తీసుకున్నాక ఊరి బయట దవాఖాన దాకా కారు. దూరాన్ని వేగంతో భాగిస్తే వచ్చేది దార్లో ఉన్నవాడి కాలం. ఇంకా పీట మీంచి లేవని మనిషిది కాదు. పొద్దుగుంకే లోపు ఆమె కూతురి పక్కన ఉండదు.

“ఎంత సేపైతది చెప్పు” అంది. నా ముఖం చూసి మళ్లీ అడగలేదు.

శశిధర్, అంటే నా భర్త, ఆమెను శంషాబాద్ విమానాశ్రయం గుమ్మం దాకా దింపి వచ్చాడు. అద్దం అవతల నుంచి ఆమె చెయ్యి ఊపలేదట. ముందున్న మనిషి ఏం చేస్తే అది చేయమని అతను చెప్పాడు. కాబట్టి ముందున్న మనిషి చెప్పులు విప్పితే తనూ విప్పానని తర్వాత ఆమే చెప్పింది.

నేను మేఘను భుజం మీద వేసుకుని మళ్లీ ఆ యాప్ తెరిచాను. పసుపు గుర్తు ఈసారి ఇటు నుంచి అటు కదిలింది. వికారాబాద్ దాటింది. బీదర్ పక్కనుంచి పైకి పోతోంది. ఈసారి అందులో మనిషి ఉంది.

గుర్తు సగం దారిలో ఉండగా శాంసన్ నుంచి ఫోన్.

“అక్కా, అత్తమ్మకు కలుస్తలేదు.”

“విమానంలో ఉంది తమ్ముడూ. జ్యోతి?”

“జ్యోతి మంచిగనే ఉన్నది. ఆడపిల్ల అక్కా.” అతను ఆగాడు. “ఏడ్వలే. లోపటికి తీసుకపోయిండ్రు. ఊపిరి కోసం ఏందో పెడుతున్నరట. నాకేం చెప్తలేరు. అత్తమ్మ దిగినంక నువ్వే చెప్పక్కా. నాతోని కాదు.”

ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూర్చోలేకపోయాను. మేఘ నా భుజం మీద నిద్రపోతోంది. అలవాటు ప్రకారం దాని ముక్కు కింద వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. అది నాకు ధైర్యం ఇవ్వలేదు, సిగ్గు తెచ్చింది. టీపాయ్ మీద ఆ పసుపు గుర్తు తన దారిన తాను పోతూనే ఉంది. దాని లోపల ఎక్కడో ఒక కుర్చీలో కరుణమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుని, ఇంకా నొప్పులు పడుతున్న కూతురు దగ్గరికి పోతున్నాననుకుంటోంది. ఊరంతటికీ తెలియక ముందు నాకు తెలిసింది. తెలియాల్సిన మనిషికి తెలియదు. ఆకాశంలో ఆమె దగ్గరికి మాటను చేర్చే దారే లేదు. నాకు గుర్తుకు వచ్చింది బీరయ్య మాట ఒక్కటే: పిల్ల పుట్టింది, ఏడ్వలే.

ఆయనకు కూడా చెప్పలేదు. ముందు ఆమెకే చెప్పాలనిపించింది.

గుర్తు ఇందోర్ మీద ఆగింది. కాసేపటికి ఆమె ఫోన్.

“దిగిన బిడ్డా! చెవులు గట్టిగ పట్టేసినయ్. పక్కన ఒక సాయిబు తాత కూసున్నడు, ఉర్దూల మాట్లాడితె మంచిగ సమజైంది. ఆయననే బెల్టు ఇప్పిండు. జ్యోతికి ఎట్లున్నదో కనుక్కున్నవా? అల్లుడు ఎత్తుతలేడు.”

“అవ్వా, జ్యోతి బాగుంది. నువ్వు గాల్లో ఉన్నప్పుడు కాన్పు అయింది. ఆడపిల్ల.”

వెనక ఎవరో హిందీలో ఏదో ప్రకటిస్తున్నారు. ఆమె ఊపిరి వినిపించింది.

“ఏడ్చిందా?”

వెయ్యి ప్రశ్నల్లో ఆమె అదే అడుగుతుందని నాకు తెలుసు. అయినా సిద్ధంగా లేను.

“ఇంకా లేదు అవ్వా. ఊపిరి అందడానికి లోపల పెట్టారు. డాక్టర్లు చూస్తున్నారు. ఇంతవరకే తెలుసు నాకు.”

వెనక పెట్టెలు తిరిగే పట్టా చప్పుడు మొదలైంది. 

“సరె” అంది చివరికి. “పెట్టె వస్తున్నది. తీసుకొని పోత.”

పాప ఏడ్చిన సంగతి సాయంత్రానికి తెలిసింది. సన్నగా, పిల్లికూనలా ఏడ్చిందని శాంసన్ చెప్పాడు. చెబుతూ అతను ఏడ్చాడు. బీరయ్య మా అరుగు మీద ఆ మాట విని, లేచి, గేటు దాకా వెళ్లి, మళ్లీ వచ్చి, “ఇంకొక్కసారి చెప్పుమను” అన్నాడు. చెప్పించాను. పేరు కృప అని ఆ పూటే పెట్టేశారు.

తర్వాతి రోజులు కరుణమ్మ దవాఖాన నడవలోనే గడిపింది. కృపను గాజుపెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టం. ముట్టుకోవడానికి తల్లికే వేళలు. నీళ్లు పోయడమన్న మాట వినగానే నర్సులు కసిరారట. సున్నిపిండి, నూనె పెట్టెలోనే ఉన్నాయి. రోజూ పొద్దున, ఇక్కడ మేఘకు నీళ్లు పోసే వేళకు, ఆమె వీడియో కాల్ చేసేది. అంతదాకా నా బిడ్డకు నేను నీళ్లు పోసి ఎరగను. ఫోన్‌ను కాగుకు ఆనించి పెట్టి, పీట మీద కూర్చుని, కాళ్లు చాపాను.

“చెయ్యి అడ్డం పెట్టు నుదురుకు. గట్ల కాదు, చూరు లెక్క. ఆఁ. ఇప్పుడు పొయ్యి.”

“నువ్వు చూస్తుంటే చెంబు ఎత్తలేకపోతున్నా అవ్వా.”

“మరి నాకెట్లుంటుండె అనుకున్నవ్?” అంది. నవ్వబోయి, ఆమె ఎవరో పిలిచినట్టు పక్కకు చూసింది. ఆ వారమంతా అలాగే ఉండేది. ఒక మాట సగంలో నడవ చివరి తలుపు వైపు చూసేది.

పెట్టెలోంచి కృప బయటికి వచ్చాక, బరువు పుంజుకున్నాక, డాక్టరమ్మ స్నానానికి ఒప్పుకుంది. ఆ కిరాయింటి బాత్రూమ్‌లో కాళ్లు చాపే చోటు లేదు. కరుణమ్మ తలుపు తీసి పెట్టి, పీట లోపల వేసి, కాళ్లు వంటగదిలోకి చాపుకుని కూర్చుంది. జ్యోతి ఫోన్ పట్టుకుంది. మేం ముగ్గురం, మా అత్తగారు, బీరయ్య, నేను, ఇక్కడి నుంచి చూశాం. పాప ఆమె మోకాళ్ల కింద అరచేయంత ఉంది. మొదటి చెంబు పోసే ముందు ఆమె కళ్లు మూసుకుని ఏదో అనుకుంది. ప్రార్థన కావచ్చు. షాబాద్ దారిలో పుట్టిన పిల్లతో మాట్లాడి ఉండవచ్చు. నీళ్లు పడగానే కృప కెవ్వుమంది. బీరయ్య ఫోన్‌ను దగ్గరికి లాక్కుని, “ఏడ్వనీ, ఏడ్వనీ” అన్నాడు.

అంతా అయ్యాక ఆమె నన్ను ఒక్కదాన్నే మాట్లాడాలని అడిగింది. నేను ఫోన్ తీసుకుని వెనక గదిలోకి వెళ్లాను.

“కృపకు మూడో నెలల చెవుల పరీక్ష చేస్తరట. మెడ నిలిపేది, సూసేది కూడ సూస్తరట. ఎందుకు బిడ్డా? ఏడుస్తనే ఉన్నది గద.”

ఎందుకో నాకు తెలుసు. పుట్టగానే ఊపిరి అందని నిమిషాలు ఎక్కడెక్కడ ఏం చేయగలవో చదివాను, మళ్లీ మళ్లీ చదివాను. ఏమీ జరిగి ఉండకపోవచ్చు కూడా.

“ఊపిరికి ఇబ్బంది పడ్డ పిల్లలందరికీ చేస్తారు అవ్వా. బాగుందో లేదో ముందే తెలుసుకోవడానికి. ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.”

ఆమె నా ముఖం చూసింది. నేను పక్కకు తిప్పుకోలేదు.

“సరె. తెలిసినంకనే ఇంటికి తోలుకొస్త. ఐదో నెలల” అంది.

“టికెట్ చూడనా? ఇప్పుడైతే పాపకు ఏ కాగితం గొడవా ఉండకపోవచ్చు.”

“రైలుకు సూడు.”

“ఒక పగలూ రాత్రీ అవ్వా, పసిపిల్లతో.”

“కానీ. పక్కన కూసోని వస్త. దారిల ఏమైనా అయితె నాకే ముందు తెలుస్తది.” ఆమె కృపను భుజం మీద సర్దుకుని, వీపు మీద చెయ్యి ఆనించింది. “రైల్ల ఫోన్ బందు పెట్టుమనరు గద?”